జూన్‌లో ఆ జింక ఎక్కడుంటుంది?

డిసెంబరు వచ్చిందంటే మన మందిరాల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్ వేదికల మీద, సండే స్కూలు పిల్లలు చేసే గ్రీటింగు కార్డుల మీద క్రిస్మస్ తాత బండిని లాగుతూ కొమ్ముల జింకలు కనిపిస్తాయి. బేత్లెహేము కథలో ఈ జింకలు లేవని మనకు తెలుసు. 1823లో అమెరికాలో ఒక పత్రికలో అచ్చయిన పద్యంతో ఎనిమిది జింకల బండి లోకమంతా పాకింది. ఎర్ర ముక్కు రుడాల్ఫ్ 1939లో ఒక దుకాణం వారు పిల్లలకు ఉచితంగా పంచిన చిన్న పుస్తకంలో పుట్టింది.

బొమ్మ కల్పితమే గాని జంతువు నిజమైనది. రెయిన్‌డీర్ అనే ఈ ధ్రువప్రాంతపు జింక ఉత్తర ఐరోపాలో నేటికీ మనుషుల కోసం బండి లాగుతోంది. ఐరోపాలో చదువుకొనే, ఉద్యోగాలు చేసే మన తెలుగు పిల్లల్లో కొందరు శీతకాలపు సెలవులకు ఫిన్లండ్ ఉత్తరాన ఉన్న లాప్లాండ్ వెళ్లి, ఆ బండెక్కి ఫొటోలు పంపుతున్నారు. అలా వెళ్లేవారికీ, వెళ్లాలనుకొనేవారికీ ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఎవరి జింకలు ఇవి?

లాప్లాండ్‌లో రోడ్డు పక్కన, అడవిలో స్వేచ్ఛగా తిరిగే రెయిన్‌డీర్‌ను చూసి అవి అడవి జంతువులని అనుకుంటాం. కాని వాటిలో ప్రతిదానికీ ఒక యజమాని ఉన్నాడు. చెవికి పెట్టిన గాట్లే ఆయన గుర్తు. ఫిన్లండ్ భూభాగంలో మూడో వంతుకు పైగా రెయిన్‌డీర్ మేత ప్రాంతమే. అక్కడ 54 పెంపకందారుల సహకార సంఘాలు ఉన్నాయి. మేత తరిగిపోకుండా మొత్తం జింకల సంఖ్య 2,03,700 దాటకూడదని ప్రభుత్వం హద్దు పెట్టింది. నార్వే, స్వీడన్‌లలో ఈ వృత్తి ప్రధానంగా సామీ ఆదివాసులది. ఫిన్లండ్‌లో సామీలతో పాటు ఇతరులు కూడా చేస్తారు.

ఏడాది పొడవునా

రెయిన్‌డీర్ సంవత్సరం మే నెలలో మొదలవుతుందని చెప్పవచ్చు. అప్పుడే అవి ఈనుతాయి. పుట్టిన పిల్ల కొద్ది గంటల్లోనే తల్లి వెంట నడుస్తుంది. ఆ రోజుల్లో మనుషులూ కుక్కలూ దగ్గరికి వెళ్తే తల్లి బెదిరి పిల్లను వదిలి పోవచ్చు.

జూన్ చివరి నుంచి దోమలు, జోరీగలు విజృంభిస్తాయి. వాటిని తప్పించుకోవడానికి జింకలు గుంపులు కట్టి గాలి తగిలే చోటికి చేరతాయి. మన పల్లెల్లో పశువుల కొట్టం దగ్గర పొగ వేసినట్టే అక్కడి కాపరులూ పొగ వేస్తారు. పిల్లల చెవులకు గుర్తులు పెట్టేది ఈ సమయంలోనే. ఏ పిల్ల ఏ తల్లి వెంట నడుస్తుందో చూసి, ఆ తల్లి యజమాని గుర్తే పిల్లకూ పెడతారు.

వేసవి చివర పుట్టగొడుగులు, ఆకులు తిని అవి కొవ్వు పట్టిస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎదకు వస్తాయి. ఆ తరువాత మందలను దొడ్లలోకి తోలి, లెక్కపెట్టి, మాంసానికి పంపేవాటినీ ఉంచుకొనేవాటినీ వేరు చేస్తారు. కాపరి కుటుంబానికి ముఖ్యమైన రాబడి ఆ మాంసం నుంచే వస్తుంది. ఈ సంగతి దాచకుండా చెప్పే కాపరిని తప్పుపట్టవలసిన పని లేదు.

శీతకాలంలో రెయిన్‌డీర్ గిట్టలతో మంచు తవ్వి, అడుగున ఉన్న లైకెన్ అనే నాచులాంటి మేతను తింటుంది. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి తొక్కి పాడుచేస్తే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. మంచు మీద వాన పడి గడ్డకడితే ఆ మేత కూడా అందదు. అప్పుడు కాపరులు ఎండుగడ్డి మోసుకెళ్లి వేయాలి.

కొమ్ముల విషయం కూడా పిల్లలకు చెప్పదగినదే. జింక జాతుల్లో ఆడవాటికి కూడా సాధారణంగా కొమ్ములుండేది రెయిన్‌డీర్‌కే. ఎదకాలం ముగిశాక పెద్ద మగవి కొమ్ములు రాలుస్తాయి. ఆడవి ఈనే వరకు ఉంచుకొంటాయి. కాబట్టి క్రిస్మస్ కార్డు మీద నిండు కొమ్ములతో బండి లాగేవి ఆడవైనా అయ్యుండాలి, వృషణాలు తీసిన మగవైనా అయ్యుండాలి.

బండికి కట్టే జింక

పనికి వాడేవి ఎక్కువగా ఈ రెండో రకమే. కోడెను ఎద్దుగా మార్చి కాడి మరిపినట్టే వీటినీ మరుపుతారు. మొదట తాడుకు అలవాటు చేస్తారు, తరువాత ఖాళీ బండికి, ఆ తరువాత బరువుకు. తొందరపెట్టకుండా చేస్తే ఇది కొన్నేళ్ల పని. 1960లలో మంచు మీద నడిచే మోటారు బండ్లు వచ్చాక కాపరులకు లాగుడు జింకల అవసరం తగ్గిపోయింది. వాటిని మరిపే విద్య ఈనాటికీ నిలిచి ఉందంటే పర్యాటకులు, జింకల పందేలు చాలావరకు కారణం. అందుచేత బండెక్కడమే పాపమని మేము అనము.

కాని ఆ పనికి ఒక హద్దు ఉంది. ఫిన్లండ్ వారికి 'పోరోన్‌కుసెమా' అనే పాత దూరపు కొలత ఉంది. రెయిన్‌డీర్ మూత్రానికి ఆగకుండా వెళ్లగల దూరం అని దాని అర్థం. అది సుమారు 7.5 కిలోమీటర్లు. పరుగులో అది మూత్రం పోయలేదు, బండి ఆపాలి. పశువు అవసరాన్ని బట్టే ప్రయాణాన్ని కొలిచిన మనుషుల మాట అది.

మరో సంగతి. దాని బొచ్చు కటిక చలికి తగినది. గట్టిగా పరుగెత్తిస్తే లోపల వేడెక్కి, నోరు తెరిచి రొప్పుతుంది. పైగా అది వేటకు గురయ్యే జాతి. భయాన్ని, నొప్పిని అంత తేలికగా పైకి చూపదు. కదలకుండా నిలబడింది కదా అని దానికి ఇష్టమేనని అనుకోకూడదు.

ఏమి అడగాలి?

బుక్ చేసే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న మా శీర్షికలోనే ఉంది: జూన్‌లో ఈ జింక ఎక్కడుంటుంది? మంచి కాపరి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. మంచు కరిగాక పట్టీలు విప్పి, అడవికో విశాలమైన మేత భూమికో వదిలేస్తామని చెబుతాడు. సందర్శకుల కోసం వేసవిలో కూడా కొన్నిటిని ఉంచితే, వాటికి నీడ, పొగ, తోటి జింకలు, తిరగడానికి చోటు ఉన్నాయా అని అడగండి. రోజుకు ఒక్కో జింక ఎన్నిసార్లు బండి లాగుతుందో, ఏవి ఏ రోజు విశ్రాంతి తీసుకుంటాయో అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కొనే చోటికి వెళ్లకండి.

వెళ్లాక కొమ్ములు పట్టుకోవద్దు. అరవవద్దు. చుట్టుముట్టి సెల్ఫీలు తీయవద్దు. నగరాల్లో క్రిస్మస్ వేడుకలకు లారీలో తెచ్చి, దీపాల మధ్య, గుంపుల మధ్య నిలబెట్టే జింకల దగ్గర ఫొటోకు డబ్బు కట్టవద్దు. మంద జంతువును మందకు దూరం చేసిన వేడుక అది. విదేశాల్లోని మన సంఘాలు తమ ఆవరణలో అలాంటిది ఏర్పాటు చేసే ముందు ఒకసారి ఆలోచించాలి.

కాపరిని కూడా గౌరవించాలి. 'మీకు ఎన్ని జింకలున్నాయి?' అని సామీలను అడగడం బ్యాంకులో ఎంత సొమ్ముందని అడగడంతో సమానం. వారి దుస్తులు వేషం కోసం కట్టుకొనేవి కావు. బాధ్యతగల పర్యాటకం ఎలా ఉండాలో ఫిన్లండ్‌లోని సామీ పార్లమెంటు 2018లో నియమాలు ప్రకటించింది. సామీల పట్ల గతంలో జరిగిన అన్యాయాల్లో క్రైస్తవ సంఘానికి కూడా భాగం ఉందని ఒప్పుకొని, స్వీడన్ సంఘం 2021లో ఉప్సాలా కేథడ్రల్‌లో క్షమాపణ చెప్పింది. ఆ నేలకు వెళ్లే విశ్వాసి ఈ సంగతి తెలిసి వెళ్లడం మంచిది.

విశ్రాంతి దినపు ఆజ్ఞ ఇంటి యజమానితో ఆగలేదు. ఎద్దునూ గాడిదనూ కూడా అందులో చేర్చింది. మనం టిక్కెట్టు కొన్న అరగంట మనకు జ్ఞాపకంగా మిగులుతుంది. ఆ అరగంటకు ముందూ వెనుకా జింకకు పన్నెండు నెలల బతుకు ఉంది. ఈ డిసెంబరులో మీ ఇంట్లో ఎవరైనా లాప్లాండ్ ప్రయాణం మాట ఎత్తితే, డబ్బు కట్టే ముందు ఆ జూన్ ప్రశ్న అడుగుతూ ఒక్క ఈమెయిల్ పంపించండి.