అప్‌డేట్ తర్వాత అపాచీ కూలిపోతా ఉంటే: తప్పు ఏ మాడ్యూల్‌దో పట్టుకునేదెట్లా?

తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ఒకటే విషయం. లైనక్స్‌లో ప్యాకేజీలు అప్‌డేట్ చేసినాక అపాచీ సర్వర్ కూలిపోతా ఉంటే, ఏ మాడ్యూల్ వల్లో ఎట్లా కనుక్కోవాలి? మొత్తం పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని అందరికీ అనిపిస్తుంది. అది మాత్రం చేయొద్దండి. ఎందుకో నాకు జరిగినదాంతోనే చెప్తాను.

2025 మే నెలతో ఉబుంటు 20.04కు మామూలు సపోర్ట్ అయిపోయింది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ టోకెన్ల సైటు నేను చూసుకుంటున్నా. రైతు కాయ తెస్తే గేటు కంప్యూటర్‌లో టోకెన్ తీస్తారు, ఆ నంబరు ప్రకారం ట్రాక్టర్ లోపలికి పోతుంది. జూన్‌లో ఒక రాత్రి ఆ సర్వర్‌ను 22.04కు మార్చినాను. సీజన్ మధ్యలో చేయాల్సిన పని కాదు, ఒప్పుకుంటా.

మార్చగానే అపాచీ లేవలేదు. అది చిన్న సంగతే. పాత పీహెచ్‌పీ 7.4 పోయి 8.1 వచ్చింది, అపాచీ ఇంకా పాత ఫైల్‌నే అడుగుతోంది. పాత మాడ్యూల్ ఆపి కొత్తది ఆన్ చేసినా, లేచింది. ఇంట్లోంచి సైటు తెరిచి చూసి పడుకున్నా.

పొద్దున ఆరు దాటగానే గేటు నుంచి ఫోన్. "సార్, టోకెన్ పడటం లేదు." ఆ ఏడు తోతాపురికి ధర లేక, ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు బారులు తీరినాయి. ఎండలో కాయ మెత్తబడితే నష్టం ఎవరికో మీకు తెలుసు.

ఇక్కడ మూడు చోట్ల మోసపోయినా. స్టేటస్ చూస్తే పచ్చగా "యాక్టివ్" అని ఉంది. మాడ్‌పీహెచ్‌పీ వాడే సర్వర్‌లో అపాచీ ప్రీఫోర్క్ పద్ధతిలో నడుస్తుంది: ఒక తల్లి ప్రాసెస్, కింద పిల్ల ప్రాసెస్‌లు. పిల్ల చచ్చిపోతే తల్లి ఇంకోదాన్ని పుట్టిస్తుంది. తల్లి బతికే ఉంది కాబట్టి స్టేటస్ పచ్చగానే ఉంటుంది. కాన్ఫిగ్‌టెస్ట్ కొడితే "సింటాక్స్ ఓకే" అంటుంది, అది చూసేది రాత తప్పులే. యాక్సెస్ లాగ్‌లో గేటు కంప్యూటర్ జాడే లేదు, ఎందుకంటే రిక్వెస్ట్ పూర్తయినాకే అందులో లైన్ పడుతుంది. మధ్యలో చచ్చిన పిల్ల ఏం రాస్తుంది?

నిజం ఎర్రర్ లాగ్‌లో ఉంది: "సెగ్మెంటేషన్ ఫాల్ట్ (11)", లైన్ మీద లైన్. టైమ్ మాత్రం 00:40 అని ఉంది. అర్ధరాత్రి ఏమైందబ్బా అని పది నిమిషాలు వెతికినా. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మన టైమ్ కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. అంటే 6:10, గేటు తెరిచిన టైమ్.

ఇప్పుడు అసలు పని. మాడ్యూల్స్ ఉండే ఫోల్డర్‌లో ఒక్కో ఫైల్‌కూ డీపీకేజీ కమాండ్‌తో "నువ్వు ఏ ప్యాకేజీ దానివి?" అని అడిగించినా. క్యాపిటల్ ఎస్ ఆప్షన్, స్క్రీన్ మీద ఉంది చూడండి. అన్నిటికీ పేరు చెప్పింది, ఒక్కదానికి మాత్రం ఏ ప్యాకేజీ లేదంది. అంటే ఎవరో చేత్తో కంపైల్ చేసి పెట్టింది, అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. అపాచీని తీసేసి మళ్లీ వేసినా ఆ ఫైల్ అట్లే ఉండేది, పర్జ్ చేసుంటే నా కాన్ఫిగ్ మాత్రం పోయేది. ఇంతకీ 2020లో దాన్ని కంపైల్ చేసింది ఎవరనుకున్నారు? నేనే. గేటు కంప్యూటర్ల సర్టిఫికెట్ చూసి రానిచ్చే మాడ్యూల్ అది. ఇంట్లోంచి చూసేటప్పుడు సర్టిఫికెట్ లేదు, అందుకే రాత్రి దొరకలేదు.

దాని మీద ఎల్‌డీడీ కొడితే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 కావాలంటోంది. 22.04లో అపాచీ సొంత ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3. ఒకే ప్రాసెస్‌లో రెండు వెర్షన్లు. కొత్తది తయారుచేసిన వస్తువును పాతది తన లెక్కలో విప్పబోయి, లేని చోట చెయ్యి పెట్టింది. మరి అపాచీ లోపలికెందుకు రానిచ్చింది అంటారా? అది చూసేది మాడ్యూల్ మ్యాజిక్ నంబర్, 2.4 సిరీస్ మొత్తానికీ 20120211. టోకెన్ రంగు చూసి ట్రాక్టర్‌ను పంపినట్టు, బండిలో ఏముందో చూడదు. పాత లైబ్రరీ ఎట్లా మిగిలింది అంటే, అప్‌గ్రేడ్ చివర "పాత ప్యాకేజీలు తీసేయాలా?" అని అడిగితే నేనే వద్దన్నా. తీసేసి ఉంటే రాత్రే అపాచీ లేవకుండా మొరాయించేది, అప్పుడే తెలిసిపోయేది.

మాడ్యూల్ ఆపేస్తే క్రాష్ ఆగుతుంది, కానీ గేటుకు కాపలా పోతుంది. అందుకే ముందు ఆ పేజీకి ఫ్యాక్టరీ ఐపీ అడ్రస్ ఒక్కటే అనుమతించి, తర్వాత ఆపి, రీస్టార్ట్ చేసినా. ఏడు కాకముందే టోకెన్ పడింది. ఆ సాయంత్రం డాక్యుమెంటేషన్ తిరగేస్తే, నా మాడ్యూల్ చేసే పని అపాచీ సొంత ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లో ఒక్క సెట్టింగ్‌తో అయిపోతుంది. ఐదేళ్లు దండగ్గా మోసినాను దాన్ని.

మీ సర్వర్‌లో అన్ని ఫైళ్లూ ప్యాకేజీల నుంచే వచ్చినట్టు తేలితే దారి వేరే. కోర్ డంప్ తీసి జీడీబీలో చూడాల. అది వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా.