తడి ఆరేలోపు

మంగళూరు సెయింట్ అలోషియస్ కాలేజీ చాపెల్‌లోకి అడుగుపెడితే ముందు తల పైకి లేస్తుంది. కాసేపటికి గోడల మీదికి చూపు దిగుతుంది. రాతిలో చెక్కినట్టు పొడుచుకొచ్చిన అలంకారాలను వేలితో తాకి చూడాలనిపిస్తుంది. వాటిలో చాలావరకు వట్టి రంగే!

ఆ మాయ ఆంటోనియో మొస్కేనిది. 1854లో ఇటలీలోని బెర్గామో పక్కన స్టెజ్జానోలో పుట్టాడు. బెర్గామోలోనే కర్రారా అకాడమీలో చిత్రకళ నేర్చి, చుట్టుపక్కల చర్చిలకు బొమ్మలు వేశాడు. 1889లో, 35 ఏళ్ల వయసులో, జెసూట్ సభలో చేరిపోయాడు. ఫాదర్ కాలేదు, చివరిదాకా బ్రదరే. కుంచె మాత్రం సన్యాసంలోనూ ఆయన్ని వదల్లేదు.

మనం ఇళ్లలో గోడ బాగా ఆరాక రంగు వేస్తాం. చాపెల్ గోడల మీద ఆయన వాడిన ఫ్రెస్కో పద్ధతి దీనికి తలకిందులు. సున్నం, ఇసుక కలిపిన గారను ఆ రోజు పని ఎంతవరకు సాగుతుందో అంతమేరే పూస్తారు. అది పచ్చిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు అద్దాలి. గార ఆరేకొద్దీ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని గట్టి రాయిలా మారుతుంది. రంగు అందులోనే ఇరుక్కుపోతుంది. గీత తప్పిందా, ఆ మేర గార చెక్కేసి మళ్లీ పూయాల్సిందే. మేస్త్రీ పనీ చిత్రకారుడి పనీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాలన్నమాట. సున్నం ఘాటుకు నిలవని రంగులు కొన్ని ఉంటాయి, వాటి జోలికి పోకూడదు.

చాపెల్‌లో 1899 నుంచి 1901 దాకా మొస్కేని చేసిన పని ఇదే. గోడలకు ఫ్రెస్కోలు, పైకప్పుకు మాత్రం కాన్వాసు మీద తైలవర్ణాలు. కప్పు నడుమ వరసలో అలోషియస్ గొంజాగా జీవితం కనిపిస్తుంది. సంస్థానపు వారసత్వం కాదనుకుని, 1591లో రోములో ప్లేగు రోగులకు సేవ చేసి, 23 ఏళ్లకే కన్నుమూసిన యువకుడు ఆయన. కాలేజీ కుర్రాళ్ల నెత్తిన వేయడానికి ఇంతకన్నా తగిన కథ దొరకదు.

కానీ మంగళూరు వాన తక్కువది కాదు. తేమ సున్నపు గోడకు ఆగర్భశత్రువు. 1990ల మొదట్లో కళా, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే సంస్థ ఇన్‌టాక్ నిపుణులు ఈ చిత్రాలకు మరమ్మతు చేయాల్సివచ్చింది.

మొస్కేని మంగళూరుతో ఆగలేదు. బొంబాయిలో హోలీ నేమ్ కెథడ్రల్‌కు బొమ్మలు వేశాడు. తర్వాత, మంగళూరు శిష్యుడు ద గామాతో కలిసి కొచ్చిన్ శాంతాక్రూజ్ కెథడ్రల్ పని పట్టాడు. అక్కడే జబ్బుపడి 1905 నవంబరు 15న చనిపోయాడు. వయసు 51. కెథడ్రల్ ప్రతిష్ఠ ఆ నెల 19న జరిగింది.