పేరుకొనుట, గడ్డకట్టుట: సిలికా కణముల కూర్పు

గ్రాంట్ రోడ్ చెంతనున్న కామాఠిపురమునకు ఆ పేరు, తెలుగు సీమలనుండి వచ్చి నగరపు కట్టడములలో శ్రమించిన కామాఠీలవలన కలిగినది. ఇసుక, సిమెంటు ఎరిగిన మనవారు ఇసుకలోని ముఖ్యద్రవ్యమగు సిలికాను గూర్చియు తెలిసికొనదగును. నీటిలో సూక్ష్మకణములుగా నున్న సిలికాను నేడు కాంక్రీటు నేలలను గట్టిపరచుటకు వాడుచున్నారు.

ఆ కణములు సాధారణముగా 5 మొదలు 100 నానోమీటర్ల పరిమాణము గలవి. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. పైనున్న సజాతి విద్యుదావేశము వానిని ఎడముగా నుంచును. ఉప్పు చేరినచో ఆ వికర్షణ తగ్గి, కణములు గొలుసులై, పాలు తోడుకొన్నట్లు నీటిని తమ వలలో నిలుపుకొనును. ఇదియే జెల్.

గడ్డకట్టుట వేరు. పెరుగుచున్న మంచుస్ఫటికము కణములకు తనలో చోటీయక, వానిని స్ఫటికముల నడిమి సందులలోనికి నెట్టును. అచ్చట నొత్తుకొనిన కణములు ఆక్సిజన్ బంధములతో నతుకుకొనును. మంచు కరిగినను అవి విడివడక, రేకులుగా అడుగున మిగులును. ఎంత కలిపినను ఆ ద్రవము మరల పనికిరాదు. ముంబయి వాతావరణమున ఈ భయము లేదు గాని, చలిదేశములలో పనిచేయు మనవారు దానిని మంచునుండి కాపాడవలెను.

ద్రవ్యమొక్కటే, కణములు కూడిన తీరునుబట్టి ఒకచో వల, ఒకచో రేకు.