విమానం నడిపే పిల్లకు మనసు పాఠాలు

"వదినా, మా పిల్ల పైలెట్ అయితనంటున్నది, పంపమంటవా?" అని మొన్న పక్కింటామె అడిగింది. నాకు వెంటనే మా నల్లగొండ జిల్లాలోని తుంగతుర్తి గుర్తొచ్చింది. పెద్దవూర మండలంలో ఉంది ఆ ఊరు. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి శిక్షణ విమానంలో ఒక్కతే లేచిన అమ్మాయి అక్కడి పొలాల్లో కూలి చనిపోయింది. ఆ వార్త విని ఏ తల్లి గుండె ఝల్లుమనలేదు చెప్పండి!

అప్పట్నించి నాకొకటే ఆలోచన. ఆకాశంలో ఒంటరిగా ఉన్న పిల్లకు మనసు గట్టిపడేలా ఎవరు నేర్పుతారు? వెతికి చదివితే తెలిసింది, దానికీ పాఠాలున్నాయట!

1977లో టెనెరిఫె దీవిలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే దిగలేదేమోనని ఇంజినీరు అనుమానంగా అడిగినా, కెప్టెన్ వినిపించుకోలేదు. ఆ తర్వాతే పెద్దవాళ్లకు వినడం, చిన్నవాళ్లకు గట్టిగా చెప్పడం నేర్పే చదువు మొదలైంది. 'క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్' అంటారు దాన్ని. అయినా 2010 మే 22న మన మంగళూరులో ఏమైంది? కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయి లేచాడు. దిగేటప్పుడు, మళ్లీ పైకి లేపమని కో-పైలెట్ ఒకటికి రెండుసార్లు చెప్పినా దించేశాడు. 158 మంది బలి. అత్తగారి ఎదుట 'కూరలో ఉప్పెక్కువైంది' అనడానికే నోరురాని మనకు ఆ కో-పైలెట్ కష్టం తెలియంది కాదు!

ఇక హఠాత్తుగా బెదిరిపోవడం. ముందే చెప్పి చేయించే అభ్యాసం కన్నా, చెప్పకుండా రకరకాల ఆపదలు పెట్టి చేయించిన పైలెట్లే అనుకోనిది ఎదురైనప్పుడు బాగా నెగ్గుకొచ్చారని నెదర్లాండ్స్ పరిశోధకులు 2018లో చూపారు. ఇదంతా సిమ్యులేటర్‌లోనే లెండి, నేలమీదే!

దిగులు దాచుకోవడం ఇంకో సంగతి. చెప్తే లైసెన్సు పోతుందని భయం. 2015లో ఐరోపాలో మానసిక జబ్బు దాచిన కో-పైలెట్ కావాలనే విమానాన్ని కొండకు కొట్టి 149 మందిని తనతో తీసుకుపోయాడు. తోటి పైలెట్లే మనసు విప్పించి వినే ఏర్పాటు ఉండాలని మన డీజీసీఏ కూడా 2023లో చెప్పింది.

అందుకే పక్కింటామెతో అన్నాను: "పంపు. కానీ ఫీజెంతని అడిగినప్పుడే, పిల్లకు భయమైతే ఎవరితో చెప్పుకోవాలో కూడా అడిగి రా."