కడుగుటయు, కడుగనిచ్చుటయు

తగ్గించుకొనుట యనునది క్రైస్తవసంఘములలో ఆదివారపు ప్రసంగములకు అలవాటైన విషయమే యైనను, దేవాలయమున తలవంచుటకంటె, హైదరాబాదు పాతబస్తీవంటి చోట గోడకు గోడ యానుకొని బ్రదుకు భిన్నమతస్థుల నడుమ దాని నాచరించుట మిక్కిలి కష్టము. యేసుక్రీస్తు భోజనపంక్తినుండి లేచి, నడుమునకు తువాలు కట్టుకొని, పళ్లెములో నీళ్లుపోసి శిష్యుల పాదములు కడిగిన వృత్తాంతము యోహాను సువార్త 13వ అధ్యాయమున గలదు. తన్ను అప్పగింపనున్న యూదా సైతము అప్పటి కా పంక్తిలోనే యుండెనని బోధకులు విరివిగా చెప్పుదురు. పేతురు మొదట తన పాదములు కడుగనీయకుండుట మాత్రము త్వరగా దాటిపోవుదురు. చూచుటకది భక్తివలెనే యుండును. కాని యితరుల సేవను గ్రహింపలేకుండుటయు అహంకారమున నొక తెఱగే. దానము చేయుటకు వేగిరపడు మంచివా రనేకులు, పొరుగింట కూర్చుండి వారిచ్చిన చాయ త్రాగుటకు జంకుదురు. ఇచ్చుచున్నంతసేపు మన చేయియే పైనుండును గదా!

ఒక క్రైస్తవసంస్థయే యీ పాఠమును నేర్చుకొనిన యుదంతము మన నగరముననే గలదు. క్రొత్త నిబంధనను ఉర్దూ, పారసీక భాషలలోనికి అనువదించి, 1812లో 31 ఏండ్ల ప్రాయమున తుర్కీదేశపు తోకాతు పట్టణమున కన్నుమూసిన ఆంగ్లమతాచార్యుడు హెన్రీ మార్టిన్ పేర, 1930లో లాహోరున నొక విద్యాసంస్థ వెలసెను. ముస్లిములకు సువార్త ప్రకటింపబోవు క్రైస్తవులకు ఇస్లామును బోధించుట దాని తొలి యుద్దేశము. పలు పట్టణములు మాఱి 1971లో అది హైదరాబాదు చేరెను. 1990 డిసెంబరు మతకల్లోలములలో పాతబస్తీ నెత్తురోడిన పిమ్మట, ఆ సంస్థవారు సహాయార్థము వీధులలోనికి వచ్చి, కాలక్రమమున సుల్తాన్‌షాహీలో హిందూ ముస్లిం కుటుంబములవారికై బడిని, స్త్రీలకు కుట్టుపని తరగతులను నడపిరి. మతముల నడుమ సయోధ్యయే నేడు దాని ముఖ్యకార్యము. అన్యుల మతమును గూర్చి బోధింప సంకల్పించినవారు, ఆ యన్యుల యింటిముంగిట నిలిచి “మీకేమి కావలెను?” అని యడుగువారగుట నా దృష్టిలో సామాన్యమైన మార్పు కాదు.

కుట్టుపని నేర్పుచోట కొంతసేపు కూర్చున్నవారికి ఒక సంగతి తెలియును. కొత్తగా నేర్చుకొనునామె జాకెట్టు చంక వంకరగా కుట్టినచో, ప్రక్కనున్నామె యా బట్టను చేతిలోనికి తీసికొని, బ్లేడు అంచుతో ఒక్కొక్క కుట్టే విప్పి, మరల గుండుసూదులు గ్రుచ్చి యిచ్చును. వేఱుమతపు స్త్రీచేత, అందఱియెదుట, తన తప్పుకుట్టు విప్పించుకొనుటకు ఎంత నిబ్బరమైన మనస్సు కావలెను! కుట్టినామెను నొప్పింపకుండ విప్పుటకును అంతే కావలెను.

ఇండ్లలోని సంగతియు నిట్టిదే. బలిపీఠమునొద్ద కానుక విడిచి, ముందు సహోదరునితో సమాధానపడుమని క్రీస్తు కొండమీద బోధించెను. అట్లు పోయినపుడు “నీవును తక్కువవాడవు కావు” అను తోకను క్షమాపణకు తగిలింపరాదు. అత్త కోడలిని, తండ్రి కొడుకును, పాదిరి సంఘస్థుని ముందుగా మన్నింపు వేడుట మన యిండ్లలోను గుడులలోను అరుదు. ఆ యరుదు పోవలెను. అయితే దెబ్బలు తిను భార్యతో “తగ్గించుకొనుము తల్లీ” యని హితవు చెప్పు పెద్దలు క్రీస్తు పేరిట ఘోరమైన అన్యాయము చేయుచున్నారు. ఆనాడు శిష్యుల పాదములకడ వంగినవాడు బోధకుడు, పీఠముపై నున్నవాడు. బలహీనుని మెడ వంచుట వినయబోధ కానేరదు.

క్రిస్మసునాడు ఇరుగుపొరుగులకు కేకు పంచు సోదరీసోదరులారా! రంజాను పండుగనాడు ప్రక్కయింటి ఖాలా షీర్‌ఖుర్మాకు పిలిచినపుడు, గిన్నె యింటికి పంపుమనక, మీరే వెళ్లి వారి చాపమీద కూర్చుండుడు. మీ సాక్ష్యము చెప్పుటకు తొందరపడక, ఆమె చెప్పునది ముందు వినుడు.