గోడకు బెల్లం

కామారెడ్డి గంజ్‌లో బెల్లం దుకాణం ముందు నిలబడి పది కిలోలు కావాలంటే, కొట్టాయన తల ఎత్తి చూశాడు. "పెండ్లికా సార్?" "కాదు, గోడకు." నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "నల్లది మాత్రం అడగకుండ్రి, గుడుంబకనుకుంటరు. ఈ ముక్కల బెల్లం తీస్కపోండ్రి, అగ్గువకిస్త. గోడకు రంగుతోని పనేంది?" అన్నాడు.

ఎల్లారెడ్డిలో మా తాత కట్టిన బంగ్లా కోసం ఆ బెల్లం. రెండడుగుల మందం గోడలు, టేకు దూలాలు, నడుమ ఆకాశం కనిపించే భవంతి, వెనక గూనపెంకల వంటిల్లు. ఇరవై ఏండ్లు తాళం వేసి ఉంది. అమ్మ ఊళ్లోనే ఉంటానంది, తమ్ముడు భార్యాపిల్లలతో తిరిగి వస్తానన్నాడు. మూడు తరాలు ఉండాలంటే ఇంకో రెండు గదులు, లోపలే బాత్రూములు, గ్యాసు పొయ్యి పెట్టుకునే వంటిల్లు కావాలి. మొదట వచ్చిన మేస్త్రీ ఇల్లంతా తిరిగి చూసి, "కూలగొట్టుడే మంచిది సార్. దీని మీద పెట్టే పైసలతోని కొత్త స్లాబు లేస్తది" అన్నాడు. లెక్కకు అతని మాట పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను.

మా ఇంటికి అసలు చేటు చేసింది మేమే. పదిహేనేండ్ల కింద ముందు గోడ పెచ్చులూడుతోందని సిమెంటు ప్లాస్టరు చేయించాం. రెండు వానకాలాలకే రంగు బొబ్బలెక్కింది, అడుగున మోకాలి ఎత్తు దాకా తెల్లటి ఉప్పు పూసింది. పాత గోడ పునాది నుంచి తేమ పీలుస్తుంది, సున్నం పూతలోంచి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. నీళ్లు లోపలే నిలిచి, రాళ్ల నడుమ మట్టిని నానబెట్టి, ఉప్పును పైకి తోశాయి. పైకి గట్టిగా ఉన్న గోడలో సుత్తితో కొడితే డొల్ల చప్పుడు వచ్చింది.

ఏం చేయాలో దోమకొండలో తెలిసింది. హైదరాబాద్ నుంచి జాతీయ రహదారి మీద వస్తూ భిక్కనూరు దగ్గర కుడికి తిరిగితే వచ్చే ఊరు. కామినేని వంశీయుల గడీ, అంటే దొరల కోట, అక్కడే ఉంది. చుట్టూ కందకం, లోపల మహదేవుని గుడి, వెంకట భవనం, అద్దాల మేడ. శిథిలమైన ఆ గడీని ఆ కుటుంబమే, సంరక్షణ వాస్తుశిల్పి అనూరాధా నాయక్ చేతుల మీదుగా బాగు చేయించింది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో దానికి మెరిట్ పురస్కారం వచ్చింది. గడీ అన్న మాట వింటే మా దిక్కు కడుపు మండే ఇండ్లు ఇంకా ఉన్నాయి. వెట్టిచాకిరి జ్ఞాపకం సున్నం పూస్తే పోయేది కాదు. ఆ లోగిలి ఇప్పుడు ఊరి జనం వచ్చిపోయే చోటైంది. నాకు పురస్కారం కన్నా అదే పెద్ద మాటనిపించింది. వచ్చేముందు ఓ సున్నపు గోడకు చెయ్యి ఆనించి చూశా. మే నెల ఎండలోనూ చల్లగా ఉంది.

పెట్టె నిండా డబ్బున్న గడీకి చెల్లింది మా బంగ్లాకు చెల్లుతుందా? చెల్లిందనే చెప్పాలి, కాకపోతే ఓపిక కావాలి. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ కోసం నెల తిరిగాం. దొరికాక ఆయన మొదట అడిగింది డబ్బు కాదు, గొయ్యి. పెరట్లో గొయ్యి తవ్వి, సున్నపు రాళ్లు పోసి, నీళ్లు వదిలితే పొగలు కక్కుతూ ఉడికాయి. అట్లా నెల రోజులు నాననిచ్చాడు. కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి కుండల్లో పులియబెట్టాడు. ఆ పుల్లటి వాసనకు వీధిలో పిల్లలు ముక్కులు మూసుకుని పరుగెత్తేవారు. ఎద్దులతో తిప్పే గానుగ ఇప్పుడెక్కడిది? మోటారు గ్రైండరులోనే ఇసుక, సున్నం రుబ్బించి, ఆ కరక్కాయ నీళ్లు కలిపాడు. ముద్దను తాపీ మీద పెట్టి బోర్లించి చూసేవాడు. జారకుండా అంటుకుని ఉంటేనే "ఐంది, వేయుండ్రి" అనేవాడు. "సిమెంటు తెల్లారేసరికి గట్టివడ్తది సార్. సున్నం ఏండ్లకు ఏండ్లు గట్టివడ్తనే ఉంటది" అనేది ఆయన మాట. అది నిజమే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని సున్నం మళ్లీ రాయవుతుంది.

ఎల్లారెడ్డి 2018లో మున్సిపాలిటీ అయింది కాబట్టి కొత్త గదులకు ఆన్‌లైన్ అనుమతి తప్పలేదు. ఆ తిరుగుడు గురించి చెప్పుకునేంత ఏమీ లేదు.

కొత్త భాగాన్ని పాత గోడకు అతికించలేదు. పాత పునాది వందేండ్ల కింద దిగాల్సినంత దిగి నిలిచిపోయింది, కొత్తది ఇప్పుడిప్పుడే దిగుతుంది. రెంటినీ ముడివేస్తే పగిలేది పాతదే. అందుకే సొంత పిల్లర్ల మీద లేపి, నడుమ రెండంగుళాల సందు వదిలాం. నీళ్ల పనులన్నీ కొత్త భాగానికే పంపాం: బాత్రూములు, గిన్నెలు తోమే చోటు, వాషింగ్ మిషను. పాత గోడలో ఒక్క నీటి పైపూ లేదు. కరెంటు వైర్లకు కూడా గాడి కొట్టనివ్వలేదు, పైపైనే చెక్కపట్టీల్లో నడిపించాం. భవంతి పైన గాజు రేకు వేద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. అమ్మ ఒప్పుకోలేదు. వాన లోపల పడితేనే ఇల్లంది. ఆ గొడవలో నేను అమ్మ వైపే. ఆ ఖాళీలోంచే వేడి పైకి పోతుంది.

గూనపెంకల్ని మాత్రం కాపాడలేకపోయాం. కామారెడ్డి జిల్లాలో కోతులతో ఎవడూ గెలవలేదు. వారానికి ఇరవై పెంకలు పగిలేవి. చివరికి వంటింటి మీద రేకులు దిగాయి, నాకిష్టం లేకపోయినా.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిని ముంచిన వానలే ఇంటికి పరీక్ష పెట్టాయి. రోడ్లు తెగిపోయాయి. మాకు దగ్గర్లోని పోచారం ప్రాజెక్టు మీదుగా ఎన్నడూ చూడనంత వరద దూకింది. 1922 నాటి రాతికట్ట అది, డంగుసున్నం పని. తెగుతుందని కింది ఊళ్ల వాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. కట్ట నిలిచింది. మా పాత గోడలూ నిలిచాయి. కారింది ఒక్కచోటే, పాతకూ కొత్తకూ నడుమ వదిలిన సందులో. దాని మీద కప్పిన రేకు బెత్తెడు పొట్టిగా కోశారు. ఎవరో కాదు, నేను దగ్గరుండి కోయించిందే.

మీ ఊళ్లో తాళం వేసిన బంగ్లా ఉంటే కూలగొట్టే ముందు ఒక్కసారి గోడ మీద తట్టి చూడండి. సున్నం గానుగ తిప్పిన చేతులు ఊరికి ఒకటో రెండో మిగిలి ఉంటాయి, అవీ డెబ్బై దాటినవి. వాళ్లను వెతకండి, పక్కన ఒక కుర్ర మేస్త్రీని కూర్చోబెట్టండి.