సెకనుకు 200 కిలోమీటర్ల చల్లదనం

మన సూర్యుడి పరిసరాల్లో, కంటికి కనిపించని కృష్ణ పదార్థపు (డార్క్ మ్యాటర్) కణాలు సెకనుకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో తిరుగుతున్నాయని అంచనా. అయినా శాస్త్రవేత్తలు వాటిని ‘చల్లని’ కణాలంటారు. ఇంత వేగమున్నది చల్లనిదెలా అవుతుంది?

గదిలో గాలి వేడెక్కిందంటే అణువులు జోరుగా కదులుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆ జోరును పంచుకుంటున్నాయని అర్థం. కృష్ణ పదార్థపు కణాలు దాదాపుగా గుద్దుకోవు. అందుకే థర్మామీటరు పెట్టి చూసే వేడి వాటికి లేదు. ఇక్కడ చల్లదనమంటే విశ్వం పసిగా ఉన్నప్పటి వేగం గురించిన మాట: గెలాక్సీలకు బీజాలు పడుతున్న కాలానికే ఆ కణాలు కాంతితో పోలిస్తే నెమ్మదించి ఉన్నాయా, లేదా?

అంతా ఆ నెమ్మదిలోనే ఉంది. తొలినాళ్ల విశ్వంలో పదార్థం ఒకచోట ఇసుమంత చిక్కగా, ఇంకోచోట పలచగా ఉండేది. కణాలు మరీ వేగంగా పరుగెత్తితే ఆ చిన్న చిన్న చిక్కదనాలు గాలికి ముగ్గు చెదిరినట్టు చెరిగిపోతాయి. న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు అలాంటివే. కృష్ణ పదార్థం అవేనేమోనని ఒకప్పుడు గట్టిగా అనుకున్నారు. 1983లో శాస్త్రవేత్తలు సైమన్ వైట్, కార్లోస్ ఫ్రెంక్, మార్క్ డేవిస్ న్యూట్రినోల విశ్వాన్ని కంప్యూటర్‌లో నడిపి చూశారు. అందులో గెలాక్సీలు ఆకాశంలో కనిపించే దానికన్నా మరీ గుంపులుగా పోగుపడ్డాయి. మరుసటి ఏడాది బ్లూమెంథాల్, ఫేబర్, ప్రైమాక్, రీస్ చల్లని కణాలతో వేరే చిత్రం గీశారు: ముందు చిన్న ముద్దలు, అవి కలిసి పెద్దవి. అది ఆకాశానికి ఎంతో బాగా సరిపోయింది.

మరి ఇప్పటి ఈ వేగం ఎక్కడిది? విశ్వం విస్తరిస్తున్నకొద్దీ ఆ కణాలు మరింత నెమ్మదించాయి. తర్వాత పాలపుంత గురుత్వంలోకి, బావిలో పడ్డ రాయిలా, వేగం పుంజుకుంటూ జారాయి. మామూలు వాయువైతే వెలుగు చిమ్మి శక్తి పోగొట్టుకుని పళ్లెంలా సర్దుకుంటుంది. కృష్ణ పదార్థానికి ఆ దారి లేదు. అందుకే పాలపుంత చుట్టూ పెద్ద గోళంలా ఉబ్బి, వచ్చిన వేగాన్ని అలాగే ఉంచుకుంది.

నాకు అబ్బురమనిపించేది మరొకటి. మనమెన్నడూ పట్టుకోని కణం చిన్ననాటి వేగాన్ని అతి చిన్న గెలాక్సీలను లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. కణాలు ‘గోరువెచ్చగా’ ఉండి ఉంటే అలాంటి చిన్నవి చాలామటుకు పుట్టేవే కావు. చిలీలో 2025లో కన్ను తెరిచిన వెరా రూబిన్ అబ్జర్వేటరీ పాలపుంత చుట్టూ మినుకుమినుకుమనే ఆ బుల్లి గెలాక్సీలను వెతుకుతుంది.